టమాటాలకు సెలైన్: ఒక టీచరమ్మ మిద్దె తోట డైరీ

మార్చి 8, శనివారం

టికెట్లు కన్ఫర్మ్ అయ్యాయి. 23 ఆదివారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మళ్లీ ఇంటికి రావడం 29 శనివారం పొద్దున్నే. విశాఖ, అరకు. మా ఆయన, పాప, అత్తయ్య, నేను, నలుగురమూ వెళ్తున్నాం. ఇల్లు మొత్తానికి తాళం పెట్టి ఇన్ని రోజులు పోవడం మాకు ఇదే మొదటిసారి. మెసేజ్ చూసి అందరూ సంబరపడుతుంటే నా చూపు మాత్రం మెట్ల మీదికి పోయింది. పైన మిద్దె మీద 42 కుండీలున్నాయి. హైదరాబాదులో మార్చి ఆఖరి వారం ఎండ, కింద కాలే స్లాబు, ఆరు రోజులు నీళ్లు లేవు. ఏమవుతుందో చెప్పడానికి సైన్స్ టీచరే కానక్కర్లేదు.

ఇంతకు ముందు ఎవరు ఊరెళ్లినా అత్తయ్య ఇంట్లో ఉండేవారు. పై వాటా వాళ్లు సంక్రాంతికే ఖాళీ చేశారు. పక్కింటి ఆపాను అడిగితే కాదనదు. కానీ ఇది రంజాన్ నెల. పొద్దంతా మంచినీళ్లు కూడా ముట్టని మనిషిని రెండంతస్తులు ఎక్కి నా మొక్కలకు నీళ్లు పోయమనడానికి నాకు నోరు రాలేదు.

కాబట్టి ప్రాజెక్టు ఇదీ: మనిషి లేకుండా 42 కుండీలకు ఆరు రోజులు నీళ్లు. గడువు పదిహేను రోజులు. అందులో బడి ఎన్ని తింటుందో చూడాలి. మాది సీబీఎస్ఈ బడి, వార్షిక పరీక్షలు 12న అయిపోతాయి, 22న ఫలితాలు, పేరెంట్స్ మీటింగు. ఆ మధ్యలో నా వాటా 164 పేపర్లు, 41 ప్రోగ్రెస్ కార్డులు, ల్యాబ్ స్టాకు రిజిస్టరు. ఏప్రిల్ 2న కొత్త క్లాసులు మొదలు.

మార్చి 9, ఆదివారం

ముందు ఏ మొక్క ఎంత తాగుతుందో తెలియాలి. ఇన్నాళ్లూ చేతి అందాజాతో మగ్గు మగ్గు పోశాను గానీ ఎప్పుడూ కొలవలేదు. పాపను కూర్చోబెట్టాను (ఏడో తరగతి పరీక్షలు దానివీ జరుగుతున్నాయి, అయినా మిద్దె ఎక్కమంటే పుస్తకం మూయడానికి ఒక్క క్షణం పట్టలేదు). సూట్‌కేసులు తూచే కొక్కెం కాటా తెచ్చాం. నిన్న సాయంత్రం నీళ్లు పోసి, కారడం ఆగాక, పెయింటు బకెట్లను హ్యాండిల్‌తో వేలాడదీసి తూచాం. ఇవాళ సాయంత్రం అదే సమయానికి మళ్లీ తూచాం. తగ్గిన ప్రతి కిలో ఒక లీటరు నీళ్లు. మట్టిలోంచి ఆవిరైంది, ఆకుల్లోంచి పోయింది రెండూ కలిపే.

కాపు మీదున్న టమాటా 20 లీటర్ల బకెట్లో 1.9 కిలోలు తగ్గింది. మిరప 1.1. వంగ 1.6. పుదీనా కుండీ పావు కిలో. అర డ్రమ్ముల్లో ఉన్న సొర, కరివేపాకు, చిక్కుడు మా కాటాకు లేవవు, వాటిని ఊహించుకోవాల్సిందే. మొత్తం లెక్కేస్తే రోజుకు 55 లీటర్లు దాటుతోంది. ఆరు రోజులకు 330. నా దగ్గరున్నది 200 లీటర్ల నీలం డ్రమ్ము ఒక్కటి.

అంటే ముందు దాహం తగ్గించాలి, తర్వాతే నీళ్ల సంగతి.

మార్చి 10, సోమవారం

బడి నుంచి వస్తూ చెరకు రసం బండి దగ్గర ఆగి రెండు బస్తాల పిప్పి అడిగాను. బండతను ఊరికే ఇచ్చాడు, పైగా "రోజూ తీస్కపోండి మేడమ్" అన్నాడు. ఎండబెట్టి టమాటా బకెట్లో మూడంగుళాల మందాన పరిచాను. పక్క బకెట్ ఉత్తది. రేపు తూచాలి.

ఇవాళే ఏడో తరగతి సైన్స్ పరీక్ష. కట్ట ఇంటికొచ్చింది.

మార్చి 11, మంగళవారం

పిప్పి పరిచిన బకెట్ 1.4, ఉత్తది 1.9. రోజుకు అర లీటరు మిగిలింది, ఖర్చు సున్నా. ఇలాంటి లాభం నాకు ఏ పొదుపు పథకంలోనూ రాలేదు.

పిప్పిలో తీపి ఇంకా ఉందని చీమలు నాకంటే ముందే కనిపెట్టాయి. మిగతా పిప్పిని నీళ్లలో రెండుసార్లు జాడించి ఆరబెట్టాను. గ్రీన్ నెట్ కూడా ఈ పూటే దక్షిణం వైపు నుంచి కట్టించాం.

మార్చి 12, బుధవారం

ఆన్‌లైన్‌లో తెప్పించిన డ్రిప్ కిట్టు, బ్యాటరీ టైమరు వచ్చాయి. నా అసలు ప్లాను ఇదే. డ్రమ్ముకు టైమరు, టైమరుకు పైపు, పైపుకు డ్రిప్పర్లు, పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. తెలివైన ప్లాను అనుకుని మూడు రోజులుగా లోలోపల మురిసిపోతున్నాను.

బిగించాను. సమయానికి టిక్కుమని చప్పుడైంది. చుక్క రాలేదు. మళ్లీ సెట్ చేశాను. టిక్. చుక్క లేదు. మా ఆయన పెట్టె తిరగేసి, చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నది చదివారు: కనీసం 0.5 బార్ పీడనం కావాలట. ఆ టైమరులో ఉన్నది పల్చటి రబ్బరు పొరతో పనిచేసే వాల్వు. నీళ్ల ఒత్తిడే ఆ పొరను పైకి లేపాలి. పది మీటర్ల ఎత్తు నీళ్లుంటే ఒక బార్. నా డ్రమ్ము సిమెంటు ఇటుకల మీద కుండీల కంటే మూరెడు ఎత్తున ఉంది. డ్రమ్ము నిండా నీళ్లున్నా 0.2 బార్ కూడా రాదు. మెట్ల గది పైనున్న పెద్ద ట్యాంకుకు కలిపినా మూడు మీటర్లే, 0.3. అదీ చాలదు. చాలినా కలపను. నేను లేనప్పుడు ఒక పైపు ఊడితే ట్యాంకు మొత్తం గల్లీలోకి పోతుంది. నల్లా రోజు విడిచి రోజు వచ్చే ఇంట్లో ఆ పని చేయలేను.

పీడనం పాఠం ఏటా ఎనిమిదో తరగతికి చెప్పేది నేనే. ఈ మాట స్టాఫ్ రూమ్‌లో చెప్పదలచుకోలేదు.

టైమరు తీసేసి పైపును నేరుగా డ్రమ్ము కుళాయికి పెట్టి గంటసేపు చూశాను. డ్రిప్పర్ల మీద గంటకు 4 లీటర్లని రాసుంది, అది ఒక బార్ దగ్గరి లెక్క. నాకు మొదటి బకెట్లో 900 మిల్లీలీటర్లు, చివరి దాంట్లో 300. ఆ లెక్కన ఆపే దిక్కు లేకుండా వదిలితే తెల్లారేసరికి డ్రమ్ము ఖాళీ. టైమరును తిప్పి పంపించాలి.

మార్చి 13, గురువారం

52 పేపర్లు దిద్దాను. మొక్కలకు మగ్గుతోనే పోశాను.

మార్చి 14, శుక్రవారం, హోలీ

సెలవు. పొద్దున్నే గల్లీ పిల్లలు మిద్దె మీదికొచ్చి డ్రమ్ములో సగం నీళ్లు రంగుల పాలు చేశారు. ఏమీ అనలేకపోయాను, వాళ్లలో ముగ్గురు నా స్టూడెంట్లే.

చిన్న కుండీలకు వత్తి పద్ధతి. పుదీనా, కొత్తిమీర, తులసి, వాము లాంటివి మొత్తం 15. వీటిని కింద నీడ పడే బాల్కనీలోకి దింపాం. కిరోసిన్ స్టవ్ వత్తులు కొనుక్కొచ్చాను. ఆ స్టవ్‌లు ఇంకా ఎవరు వాడుతున్నారో గానీ వత్తులు మాత్రం దొరికాయి. ఒక కొస కుండీ మట్టిలో నాలుగంగుళాల లోతున, రెండో కొస బకెట్ నీళ్లలో. నూలు దారాల మధ్య సందుల్లోంచి నీళ్లు పాకుతూ ఎక్కుతాయి. బడిలో కేశనాళికీయత అని నోరు తిరగని పేరు పెట్టి చెప్తాం గానీ, దీపం వెలిగించే ప్రతి ఇంట్లోనూ జరిగేది ఇదే.

బకెట్‌ను స్టూలు మీద పెట్టాను. ఎత్తులో ఉంటే నీళ్లు సులువుగా వస్తాయని. రాత్రి పేపర్లు ముందేసుకుని కూర్చున్నాను.

ఏడో తరగతి పేపర్లో ఒక ప్రశ్న: వేసవిలో మొక్కలకు సాయంత్రం పూట నీళ్లు పోయడం ఎందుకు మంచిది? నేను ఎదురుచూసింది ఆవిరి గురించి, బాష్పోత్సేకం గురించి. ఒకడు రాశాడు: "ఎందుకంటే పొద్దున అమ్మకు టైం ఉండదు." చాలాసేపు ఎర్ర పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయాను. అర మార్కు వేశాను. ఆన్సర్ కీలో లేదు, కానీ తప్పని ఎలా కొట్టేయను?

మార్చి 15, శనివారం

పొద్దున లేచేసరికి బకెట్ ఖాళీ. పది లీటర్లు ఒక్క రాత్రిలో కుండీల్లోంచి పొంగి, బాల్కనీ దాటి, కింద మా ఆయన స్కూటరు సీటు మీద మడుగు కట్టాయి. ఆయన ఆ సీటు మీద కూర్చున్నాకే ఈ విషయం బయటపడింది.

తప్పు స్టూలుదే, అంటే నాదే. నీళ్ల మట్టం కుండీ కంటే ఎత్తులో ఉంటే తడిసిన వత్తి సైఫన్ గొట్టంలా పనిచేస్తుంది, మొక్కకు అక్కర ఉన్నా లేకపోయినా కిందికి లాగుతూనే ఉంటుంది. బకెట్ కిందుండాలి. నీళ్లు పైకి ఎక్కాలి, అప్పుడే మట్టి ఆరినంత మేరకే లాగుతుంది. మరీ కిందున్నా అందదు, జానెడు ఎత్తు దాటితే వత్తి పైకొస పొడిగా మిగులుతోంది. ఇప్పుడు కుండీలు పలక మీద, బకెట్ నేల మీద, మధ్య ఎత్తు అయిదారంగుళాలు. రోజుకు లీటరున్నర దిగింది. సరిపోతుంది.

ఇవాళ్టి నుంచి రాష్ట్రంలో ఒంటిపూట బడులు. చెల్లెలు ప్రభుత్వ బడిలో టీచరు, పన్నెండున్నరకే బడి వదిలాక ఇంటికొచ్చి ఫోన్ చేసింది. "మీకేంటక్కా, మార్చిలోనే టూర్లు. నాకు 21 నుంచి టెన్త్ డ్యూటీ" అంది. నీకు వేసవి సెలవులు ఇవ్వరా అంటే, అది వేరే సంగతి అంది.

సాయంత్రం హబ్సిగూడ నుంచి ఉప్పల్ వెళ్లే రోడ్డు పక్కన కుండల కోసం ఆగాం. ఉగాది దగ్గర పడుతోంది, రంజన్లు, కుండలు, మూకుళ్లు గుట్టలుగా పోశారు. నాకు కావలసింది అర డ్రమ్ముల్లో పాతిపెట్టడానికి అయిదు లీటర్ల ఉత్త మట్టి కుండలు. నీళ్లు నింపి మెడ దాకా మట్టిలో పాతితే, కుండ గోడల్లోంచి చెమ్మ మెల్లగా దిగుతుంది. మట్టి తడిగా ఉంటే తక్కువ, ఆరితే ఎక్కువ. చైనాలో రెండు వేల ఏళ్ల నాటి వ్యవసాయ గ్రంథంలోనే ఈ పద్ధతి రాసి ఉంది. టైమరు అక్కర్లేదు, బార్ అక్కర్లేదు.

అమ్మే ఆమెకు విషయం చెప్తే, "అయితే బాగా కాలినయి వద్దమ్మా, చెమరుస్తయో లేదో చూసి ఇస్త" అని ఒక్కో కుండ మీద వేలి కణుపుతో కొట్టి ఏరి పెట్టింది. ఎనిమిది చాలు. పాప తొమ్మిదోది పట్టుకొచ్చింది, దాని మీద తెల్ల రంగు ముగ్గులూ మెరుపు వార్నిషూ. వద్దంటే వినలేదు.

మార్చి 16, ఆదివారం

కుండలకు పరీక్ష. రాత్రి నీళ్లు నింపి తూచి పెట్టాం, పొద్దున మళ్లీ తూచాం. ఎనిమిదీ చెమర్చాయి, పట్టుకుంటే చల్లగా, చేయి తడిగా. పాప కుండ మాత్రం బయటంతా పొడి, గ్రాము తగ్గలేదు. వార్నిషు రంధ్రాలన్నీ మూసేసింది. "ఇది ఫెయిలా అమ్మా?" అంది. ఈ పనికి ఫెయిలే అన్నాను. ముఖం మాడ్చుకుని దాన్ని వంటింట్లో పెట్టింది.

పాతడం అనుకున్నంత తేలిక కాలేదు. మొక్క పెరిగాక గుంత తవ్వితే వేళ్లు తెగుతాయి. డ్రమ్ము అంచు వారగా, చేత్తో మట్టి తోడుతూ, ఒక్కో దానికి అరగంట. చిక్కుడు వేళ్లు కొన్ని తెగనే తెగాయి. నిజానికి ఈ కుండలు విత్తనం నాటిన రోజే పెట్టాలి. దోమలు చేరకుండా మూతికి మూకుడు బోర్లించాను. గోళ్లలో మట్టి ఇప్పటికీ పోలేదు.

మార్చి 17, సోమవారం

పుల్ల ముంచి కొలిస్తే కుండలో రోజుకు 650 మిల్లీలీటర్ల దాకా తగ్గుతోంది. అయిదు లీటర్లు వారం వస్తాయి. కరివేపాకు, చిక్కుడు, వంగలకు నెట్ నీడలో చాలేలా ఉంది. సొరకు మాత్రం చాలదు. మధ్యాహ్నానికి ఆకులన్నీ గొడుగు మూసినట్టు వాలిపోతున్నాయి.

ఇక మిగిలింది 18 పెయింటు బకెట్లు, ఈ సొర. స్టాఫ్ మీటింగులో కూర్చుని ఇదే ఆలోచన. వచ్చే ఏడాది క్యాలెండరు ఎవరో చదువుతున్నారు. నాకు మాత్రం జనవరిలో అత్తయ్యను ఆస్పత్రిలో చేర్చినప్పటి రాత్రి గుర్తొచ్చింది. మంచం పక్కన కూర్చుని సెలైన్ చుక్కలు లెక్కపెట్టాను. నర్సమ్మ వచ్చి ఆ చిన్న చక్రాన్ని వేలితో నెట్టింది, చుక్కల వేగం సగమైంది.

టైమరు ఎందుకు? అసలు ఆపకుండా, కానీ అంత మెల్లగా ఇస్తే?

బడి వదలగానే మెడికల్ షాపుకు పోయాను. "ఇరవై సెలైన్ సెట్లు కావాలి. సీసాలు వద్దు, గొట్టాలే." షాపతను భయంగా చూశాడు. "ఎవరికి బాలేదు మేడమ్?" "టమాటాలకు." మొత్తం 400 లోపే అయింది. సెట్ల మీద 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అని అచ్చేసి ఉంది. నాకు అంతకంటే ఏం కావాలి?

మార్చి 18, మంగళవారం

లెక్క: డ్రమ్ములో వాడుకోదగ్గవి 185 లీటర్లు. ఆరు రోజులకు పంచితే రోజుకు 30.8. ఇరవై సెట్లకు పంచితే ఒక్కోదానికి లీటరున్నర పైచిలుకు. నిమిషానికి 21 చుక్కలు. బకెట్‌కొకటి, సొరకు రెండు.

డ్రిప్ కిట్టు పైపు ఊరికే పోలేదు. కాల్చిన మేకుతో దానికి ఇరవై కన్నాలు పెట్టి, సెట్ల మొనలు గట్టిగా గుచ్చాను. కుళాయి లోపలి వైపు పాత నూలు చీర ముక్క రెండు మడతలు కట్టాను, నలక రాకుండా. చుక్కలు పడుతున్నాయి! పాప ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఒక్కో చక్రం తిప్పుతూ 21కి తెచ్చింది. ఇరవై సెట్లకూ గంటన్నర పట్టింది. నేను పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఎనిమిదో తరగతి పేపర్లు దిద్దాను. దిద్దుతూ దిద్దుతూ ఒకడికి 18 బదులు 21 వేసి కొట్టేశాను.

మార్చి 19, బుధవారం

రాత్రికి డ్రమ్ములో మట్టం కావాలనే సగానికి దింపి చూశాం. 21 చుక్కలు కాస్తా 12 అయ్యాయి. మట్టం తగ్గితే ఒత్తిడి తగ్గుతుంది, చుక్కలు నెమ్మదిస్తాయి. ఇలా వదిలితే మొదటి రెండు రోజులు విందు, చివరి రెండు రోజులు పస్తు.

దీనికి మందు నాకు తెలుసు, ల్యాబ్‌లో ఒక మూల దుమ్ము కొట్టుకుని ఉంది కూడా: మారియట్ సీసా. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రవేత్త ఎడ్మ్ మారియట్ పేరు మీదున్నది. వాయువుల ఒత్తిడి గురించి చెప్పే బాయిల్ నియమానికి ఫ్రాన్సులో ఆయన పేరు కూడా కలిపి చెప్తారు. డ్రమ్ము మూత గాలి చొరకుండా బిగించి, మూతకొక కన్నం చేసి, అందులోంచి సన్న గొట్టం దాదాపు అడుగు దాకా దింపాలి. నీళ్లు పోయే కొద్దీ లోపలికి రావాల్సిన గాలికి ఆ గొట్టం ఒక్కటే దారి, దాని కింది కొస నుంచి బుడగలుగా వస్తుంది. అందుకని ఆ కొస దగ్గర ఒత్తిడి ఎప్పుడూ బయటి గాలితో సమానం. పైన నీళ్లు నిండుగా ఉన్నా, పావు వంతే ఉన్నా చుక్కకు తెలియదు. గొట్టం కొస ఎంత ఎత్తులో ఉందన్నదే దానికి లెక్క.

మా ఆయన ఇనుప రింగుతో బిగించే మూత, ఎం-సీల్ తెచ్చారు. బిగించాం. బుడగలు రాలేదు. చుక్కలు మాత్రం ఎప్పటిలాగే తగ్గుతున్నాయి. అంటే గాలి ఇంకెక్కడి నుంచో దొంగచాటుగా వస్తోంది. సబ్బు నురగ రాసి చూస్తే మూత అంచున ఒకచోట నురగ లోపలికి పీల్చుకుపోతోంది. పాత సైకిల్ ట్యూబు చీల్చి అంచు చుట్టూ వేసి మళ్లీ బిగించాం. రాత్రి పదకొండున్నరకు డ్రమ్ములోంచి "గుళక్" మంది. మా ముగ్గురం చీకట్లో నిలబడి ఆ చప్పుడు ఇంకో నాలుగుసార్లు విన్నాం.

మార్చి 20, గురువారం

మార్కుల ఎంట్రీ. సాయంత్రం అయిదింటికి పోర్టల్ మూసేస్తారు. మూడున్నరకు అది తిరుగుతూ కూర్చుంది. అందరం ఒకేసారి లాగుతున్నాం కదా, దానికీ నా డ్రిప్పర్ల బాధే. చివరి బెంచీ వాళ్లకు 300 మిల్లీలీటర్లు. ఆరింటి దాకా గడువు పెంచారు.

ఇంటికొచ్చి 41 మంది పిల్లల ప్రోగ్రెస్ కార్డుల్లో ఒక్కొక్కరి గురించి రెండేసి వాక్యాలు రాయడం మొదలుపెట్టాను. ఒకరిది ఇంకొకరికి కాపీ కొట్టొద్దని గట్టిగా చెప్పారు. ఇరవై దాటాక అందరూ "చురుకైన, ఆసక్తి గల" పిల్లలే అయిపోతున్నారు. పెన్ను పక్కన పెట్టి పడుకున్నాను.

మార్చి 21, శుక్రవారం

ఇరవై నాలుగు గంటల రిహార్సల్. ఎవరమూ ముట్టుకోలేదు, లెక్కపెట్టడం తప్ప. పొద్దున ఏడింటికి 21. మధ్యాహ్నం ఒంటిగంటకు 27. తెల్లవారుజామున 19.

పాప కంగారు పడింది. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఎండకు డ్రమ్ములోని గాలి వేడెక్కి ఉబ్బి నీళ్లను తోస్తోంది. రాత్రి చల్లబడి ముడుచుకుంటోంది. డ్రమ్ము మీద తడి గోనెసంచి కప్పుదామా అనుకున్నాను, తర్వాత వద్దనుకున్నాను. ఎండ ముదిరినప్పుడు ఎక్కువ, రాత్రి తక్కువ. నేను టైమరుతో ఇదే కదా చేద్దామనుకుంది!

మిగతా 21 కార్డులు ఒంటిగంట దాకా రాసి ముగించాను.

మార్చి 22, శనివారం

పేరెంట్స్ మీటింగు. తొమ్మిదింటి నుంచి రెండింటి దాకా మాట్లాడీ మాట్లాడీ గొంతు పోయింది.

అర మార్కు అబ్బాయి వాళ్లమ్మ వచ్చింది. చేతిలో ఆన్సర్ షీటు, ఆ జవాబు దగ్గర వేలు. గొడవ పెట్టుకుంటుందేమో అనుకున్నాను. "నిజమే కదా మేడమ్" అంది. "నేను పొద్దున ఆరింటికి డ్యూటీకి పోతా. మొక్కలకు సాయంత్రమే పోస్తా. ఇంకో అర మార్కు వెయ్యొచ్చు కదా." పోర్టల్ మూసేశారని చెప్పాను. నవ్వేసి, "అయితే వచ్చే ఏడు చూస్కోండి" అని వెళ్లిపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ ఆ అర మార్కు వేయాల్సిందనే అనిపిస్తోంది.

మార్చి 23, ఆదివారం

ఉదయం నుంచి పరుగులే. కుండలు నింపాను, బాల్కనీ బకెట్ నింపాను, డ్రమ్ము అంచుదాకా నింపి మూత బిగించాను. కోతకొచ్చిన టమాటాలు, వంకాయలు అన్నీ కోసేశాం, కాయ తక్కువుంటే తాగేదీ తక్కువ. సొర తీగ కొసలు తుంచాను.

అత్తయ్య బొండు మల్లె కుండీ ఒక్కటి ఏ లెక్కలోనూ ఇమడలేదు. మొగ్గల మీదుంది. సెలైన్ గొట్టం పెడతానంటే అత్తయ్య ఒప్పుకోలేదు, "ఆస్పత్రి వాసన నా మల్లెకొద్దు" అన్నారు. చివరికి మా ఆయనే మోసుకెళ్లి ఆపా వాళ్ల వాకిట్లో పెట్టారు. ఇఫ్తార్ అయ్యాక ఒక చెంబు పోస్తే చాలని చెప్పాను. "ఫికర్ నక్కో, జావ్" అంది. మెట్లెక్కే పని లేదు కదా, ఈసారి అడగడానికి నోరొచ్చింది.

ఆటో వచ్చాక మళ్లీ పైకెళ్లి ఒక్కసారి చూసొచ్చాను. గుళక్.

మార్చి 25, మంగళవారం, రైల్లో

విశాఖ నుంచి అరకు. ఈ దారిలో 58 సొరంగాలని చెప్తారు. పాప లెక్కపెడుతోంది, చుక్కలు లెక్కపెట్టే అలవాటు ఇంకా పోలేదు. ఆపా ఫోన్ చేసింది. "మీ ఛత్ మీద..." అనేలోపు సొరంగం. బయటపడ్డాక చేస్తే కలవలేదు. ఇంకో సొరంగం. మిద్దె మీద ఏమైంది? పైపు ఊడిందా? డ్రమ్ము ఒరిగిందా? కిటికీలోంచి లోయ కనిపిస్తోంది, అందరూ అటు చూస్తున్నారు, నేను సిగ్నల్ గీతలు చూస్తున్నాను. అరకులో దిగాక తెలిసింది, మిద్దె మీద పావురాలు వాలుతున్నాయట, అన్నం మెతుకులు వేయొచ్చా అని అడగడానికి చేసిందట.

మార్చి 29, శనివారం

స్టేషన్ నుంచి రాగానే బ్యాగులు వరండాలో పడేసి పైకి పరుగెత్తాను.

42లో 38 బాగున్నాయి. డ్రమ్ములో అంగుళాల పుల్ల ముంచితే ఇంకా 20 లీటర్ల దాకా ఉన్నాయి. అయిదున్నర రోజులకు ఇంచుమించు లెక్క సరిపోయింది. ఒక మిరప ఎండిపోయింది, దాని సెట్టులో సున్నం లాంటి తెల్లటి నలక ఇరుక్కుంది. చీర ముక్క రెండు మడతలు చాలలేదు, నాలుగు వేయాలి. బాల్కనీలో కొత్తిమీర రెండు కుండీలూ పోయాయి. వత్తులు తడిగానే ఉన్నాయి, కొత్తిమీరే ఈ వేడికి తట్టుకోలేదు. వేళ్లు తెగిన చిక్కుడు వాడిపోయి ఉంది, బతుకుతుందో లేదో. సొర మాత్రం నేను తుంచిన కొసల పక్క నుంచి కొత్త తీగలు వేసి గ్రీన్ నెట్ పట్టుకు పాకింది. ఒక టమాటా బకెట్లో పిప్పి కింద చీమలు ఏకంగా ఊరే కట్టాయి. పావురాల జంట మూకుడు మీద కూర్చుని నన్నే పరాయిదాన్ని చూసినట్టు చూసింది.

ఆపా మల్లె కుండీ తిరిగిచ్చింది, దాంతోపాటు గిన్నెలో మొన్నటి నుంచీ కోసి ఫ్రిజ్‌లో పెట్టిన మొగ్గలు. అత్తయ్య కుండీ కంటే ముందు గిన్నె అందుకున్నారు.

మార్చి 30, ఆదివారం, ఉగాది

పొద్దున్నే వేప పువ్వు, మామిడికాయ, కొత్త బెల్లం, చింతపండు అన్నీ సిద్ధం. కొత్త కుండ కొనాలన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. నేను చెప్పులేసుకుంటుంటే అత్తయ్య అప్పటికే పాప కుండ కడిగి, పసుపు రాసి, చింతపండు రసం పోసేశారు. చుక్క కారలేదు.

"పాసైంది" అంది పాప.